రోగకారక నమూనాల పెట్టె పరీక్షలో నిలవనప్పుడు: సమస్య, కారణం, పరిష్కారం

రోగకారక సూక్ష్మజీవులున్న నమూనాను ఒక ల్యాబు నుంచి మరో ల్యాబుకు పంపేటప్పుడు మూడు పొరల ప్యాకింగ్ తప్పనిసరి. నమూనా ఉండే ట్యూబు లేదా సీసా లోపలి పాత్ర. అది కారినా ద్రవాన్ని బయటికి రానివ్వకుండా ఆపేది నడిమి డబ్బా. దెబ్బలను ఓర్చుకునేది బయటి పెట్టె. ఐక్యరాజ్యసమితి ప్రమాదకర సరకుల రవాణా నిబంధనల్లోని 6.3 అధ్యాయం ఈ మూడింటినీ విడివిడిగా కాకుండా, రవాణాకు సిద్ధం చేసిన తీరులోనే, ఒకే ప్యాకేజీగా పరీక్షించమంటుంది. పరీక్షలో విఫలమైన తయారీదారులు చాలామంది ముందుగా చేసే పని అట్ట మందాన్ని పెంచడం. నా అభిప్రాయంలో అది చాలాసార్లు వృథా ఖర్చు, ఎందుకంటే లీకు సాధారణంగా మూత దగ్గర గానీ, ట్యూబుకూ డబ్బా గోడకూ మధ్య వదిలేసిన ఖాళీలో గానీ మొదలవుతుంది. కింది సమస్యలను ఆ దృష్టితోనే పరిశీలించాలి.

సమస్య: ఏ పరీక్ష చేయించాలో తేలడం లేదు

కారణం: నమూనా ఏ వర్గానికి చెందుతుందో ముందు నిర్ణయించకపోవడం. ఆరోగ్యవంతులకు సోకితే ప్రాణాపాయం గానీ శాశ్వత వైకల్యం గానీ కలిగించగలవి కేటగిరీ-ఏ. వాటిలో మనుషులకు ప్రమాదకరమైనవి యూఎన్ 2814 (ప్రమాదకర సరకుకు ఐక్యరాజ్యసమితి ఇచ్చిన సంఖ్య) కిందికి, పశుపక్ష్యాదులకు మాత్రమే ప్రమాదకరమైనవి యూఎన్ 2900 కిందికి వస్తాయి. మిగిలిన రోగనిర్ధారణ నమూనాలు ఎక్కువగా కేటగిరీ-బి, అంటే యూఎన్ 3373. కేటగిరీ-ఏకి 9 మీటర్ల ఎత్తు నుంచి, కేటగిరీ-బికి 1.2 మీటర్ల నుంచి డ్రాప్ టెస్టు, అంటే ప్యాకేజీని కింద పడవేసే పరీక్ష, చేయాలి. నేలను తాకే వేగం లెక్కిస్తే 1.2 మీటర్లకు గంటకు సుమారు 17 కిలోమీటర్లు, 9 మీటర్లకు సుమారు 48 కిలోమీటర్లు వస్తుంది. కాబట్టి ఒకదానికి సరిపోయిన డిజైను రెండోదానికి సరిపోతుందని అనుకోకూడదు.

పరిష్కారం: వ్యాధి పేరుతో పాటు, పంపేది ఏ రూపంలో ఉందో చూడాలి. నిఫా, ఎబోలా వైరస్‌లు ఏ రూపంలో ఉన్నా కేటగిరీ-ఏ. డెంగీ వైరస్, క్షయ బ్యాక్టీరియా, తీవ్రమైన బర్డ్ ఫ్లూ వైరస్ మాత్రం ల్యాబులో పెంచిన కల్చర్‌గా ఉన్నప్పుడే ఆ జాబితాలోకి వస్తాయి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్లు చనిపోయినప్పుడు నమూనాలను భోపాల్‌లోని జాతీయ పశువ్యాధి పరీక్షా సంస్థకు పంపారు. అటువంటి స్వాబ్ నమూనా మామూలుగా కేటగిరీ-బి పెట్టెలో వెళ్లవచ్చు గానీ, దాని నుంచి పెంచిన వైరస్ కల్చర్ అలా వెళ్లడానికి వీల్లేదు. సందేహం తీరని పక్షంలో కేటగిరీ-ఏ పెట్టెనే వాడటం మంచిది.

సమస్య: డ్రాప్ టెస్టు తర్వాత బయటి పెట్టె బాగానే ఉంది, లోపల ట్యూబు మూత దగ్గర తడి కనబడింది

అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యేదీ, ఎక్కువగా అపార్థం చేసుకునేదీ ఇదే. డ్రాప్ తర్వాత లోపలి పాత్ర ఏమాత్రం కారకూడదు, అది నడిమి డబ్బాలోని పీల్చే పదార్థం రక్షణలోనే ఉండాలి అన్నది నిబంధన. అట్ట మూల నలిగినా, టేపు కొంత ఊడినా అంతమాత్రాన విఫలమైనట్లు కాదు. పెట్టె చెక్కుచెదరకుండా ఉండి ట్యూబు చుట్టూ ఉన్న దూది ఒక పక్కకు జారిపోతే మాత్రం విఫలమైనట్లే.

కారణాలు మూడు ఉండవచ్చు. పరీక్షలో లోపలి పాత్రను దాని సామర్థ్యంలో కనీసం 98 శాతం వరకు నింపాలి. అంత నిండుగా ఉన్నప్పుడు ద్రవం తాకిడి నేరుగా మూత మీదే పడుతుంది, రోజూ సగం నింపి వాడే ట్యూబులో ఈ ఒత్తిడి ఎన్నడూ కనబడదు. రెండోది, మూతను చేత్తో బిగించి వదిలేయడం. మర మూతలను టేపుతో గానీ, పారాఫిల్మ్‌తో (సాగే మైనపు పొరతో) గానీ, వాటికే ఉన్న లాకుతో గానీ అదనంగా బిగించాలని నిబంధన చెబుతున్నా, ల్యాబుల్లో తొందరపాటు వల్ల దాటేసే మెట్టు ఇదే. మూడోది, ట్యూబులు ఒకదానికొకటి తగలడం. పెళుసైన పాత్రలు ఒకటి కంటే ఎక్కువ ఉంటే విడివిడిగా చుట్టాలి, లేదా మధ్యలో అడ్డు పెట్టాలి.

పరిష్కారానికి ముందు లీకు ఎక్కడ మొదలైందో కనుక్కోవాలి. నీటిలో కొద్దిగా ఆహార రంగు కలిపి, ఒక్కో ట్యూబు చుట్టూ తెల్ల టిష్యూ చుట్టి, టిష్యూ మీద ట్యూబు నంబరు రాసి పడేస్తే, విప్పినప్పుడు మరక చూసి సంగతి చెప్పవచ్చు. మరక మూత అంచు చుట్టూ వలయంలా ఉంటే బిగింపు లోపం. ట్యూబు నడుము మీద నిలువు గీతలా ఉంటే పగులు. అడుగున మాత్రమే ఉంటే ట్యూబు డబ్బా అడుగుకు నేరుగా తగులుతోందని అర్థం. అట్టపెట్టెను అడుగు, పైభాగం, పొడవాటి పక్క, పొట్టి పక్క, ఒక మూల చొప్పున ఐదు నమూనాలతో ఐదు దిక్కుల్లో పడవేస్తారు కాబట్టి, ఏ దిక్కులో పడినప్పుడు ఏ మరక వచ్చిందో పట్టిక వేసుకుంటే కారణం తేలికగా దొరుకుతుంది. పీల్చే పదార్థం పాత్రల్లోని ద్రవం మొత్తాన్నీ పీల్చగలగాలి. దానిని అడుగున పరిచి సరిపెట్టకుండా, పాత్ర చుట్టూ పైనా కిందా కదలకుండా నింపాలి.

సమస్య: చల్లబరిచిన తర్వాతే పగుళ్లు వస్తున్నాయి

లోపలి పాత్ర గానీ బయటి పెట్టె గానీ ప్లాస్టిక్ అయితే, పరీక్షకు ముందు మైనస్ 18 డిగ్రీలు లేదా అంతకంటే తక్కువ వద్ద కనీసం 24 గంటలు ఉంచి, బయటికి తీసిన 15 నిమిషాల్లోపు పడవేయాలి. లోపల డ్రై ఐస్ (ఘన కార్బన్ డయాక్సైడ్) ఉంటే ఆ 24 గంటల వ్యవధి 4 గంటలకు తగ్గుతుంది. మామూలు పాలీప్రొపిలీన్ ఈ చలిలో పెళుసుబారుతుంది; గది ఉష్ణోగ్రత వద్ద నేలకేసి కొట్టినా చెక్కుచెదరని ట్యూబు ఇక్కడ మెడ దగ్గర వలయాకారంగా విరుగుతుంది. చలిని తట్టుకునే కోపాలిమర్ రకం పాలీప్రొపిలీన్ గానీ, పాలిథిన్ గానీ ఎంచుకోవడమే సరైన పరిష్కారం.

ఇక్కడే మరో చిక్కు ఉంది. డ్రాప్ చేసిన వెంటనే తడి కనబడదు, గంట తర్వాత కనబడుతుంది. పాత్రలో వట్టి నీళ్లు పోశారన్నమాట. అవి గడ్డకట్టి లీకును దాచిపెట్టాయి, పైగా మంచుగా వ్యాకోచించి ట్యూబును తామే పగలగొట్టి ఉండవచ్చు కాబట్టి ఆ ఫలితానికి అర్థం లేదు. చలి పరీక్షకు నీటితో యాంటీఫ్రీజ్ కలపాలని నిబంధన చెప్పింది ఇందుకే.

సమస్య: నీటి జల్లు తర్వాత అట్టపెట్టె అడుగు విచ్చుకుంది

గంటకు సుమారు 5 సెంటీమీటర్ల వర్షానికి సమానమైన జల్లు కింద కనీసం గంటసేపు ఉంచి, ఆ తర్వాత పడవేస్తారు. అట్ట పొరలను అతికించిన గంజి జిగురు తడికి వదలడమే సాధారణ కారణం. నీటిని తట్టుకునే జిగురుతో చేసిన అట్టను అడిగి తెప్పించుకోవాలి, అడుగు మడతలన్నీ టేపుతో మూయాలి. లోపలి పాత్రలు ప్లాస్టిక్ అయినప్పుడు జల్లుకు ఐదు, చలికి ఐదు, మొత్తం పది నమూనాలు డ్రాప్‌కు కావాలి. ఐదే పంపితే పరీక్ష మధ్యలో ఆగిపోతుంది.

సమస్య: మన దగ్గర పంక్చర్ టెస్టు నెగ్గింది, బయటి ల్యాబులో పోయింది

7 కిలోల వరకు బరువున్న ప్యాకేజీ మీద కనీసం 7 కిలోల బరువు, 38 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ఉక్కు కడ్డీని మీటరు ఎత్తు నుంచి పడవేస్తారు. అంతకంటే బరువైన ప్యాకేజీనైతే, నిలబెట్టిన అదే వ్యాసం కడ్డీ మీద మీటరు ఎత్తు నుంచి పడవేస్తారు. తేడా ఎక్కువగా గురి దగ్గరే వస్తుంది. కడ్డీని పెట్టె నడిమధ్యకు గురిపెడితే చాలదు. అది లోపలి పాత్రకు తగిలేలా గురిపెట్టాలి. ట్యూబులు ఒక మూలకు ఉన్న అమరికలో నడిమధ్య దెబ్బ వట్టి దూదికే తగులుతుంది. కడ్డీ నడిమి డబ్బాను చీల్చినా తప్పు కాదు, లోపలి పాత్ర కారకుండా ఉండాలి. అందువల్ల డబ్బా గోడ మందం పెంచడం కంటే, ట్యూబులను గోడకు దూరంగా పట్టి ఉంచే స్టాండు పెట్టడమే ఎక్కువ ఫలితమిస్తుంది.

సమస్య: 95 కిలోపాస్కల్ పీడనం దగ్గర గాలి బుడగలు వస్తున్నాయి

సముద్రమట్టం వద్ద గాలి పీడనం సుమారు 101 కిలోపాస్కల్ కాబట్టి, 95 తేడా అంటే బయట దాదాపు శూన్యం ఉన్నా లోపలి సరుకు కారకూడదని అర్థం. లోపలి పాత్ర గానీ నడిమి డబ్బా గానీ, ఏదో ఒకటి దీన్ని తట్టుకుంటే చాలు. కేటగిరీ-ఏకైతే మైనస్ 40 నుంచి ప్లస్ 55 డిగ్రీల వరకు ఇదే సామర్థ్యం ఉండాలి. మామూలు జిప్ కవరుకు ఈ శక్తి లేదు. కవరు మీద 95 కిలోపాస్కల్ అని ముద్ర వేసి ఉన్నంత మాత్రాన సరిపోదు, పరీక్షించిన ఆధారం తయారీదారు నుంచి తీసుకోవాలి. మర డబ్బాలైతే ముందుగా రబ్బరు వలయాన్ని చూడాలి: చలికి గట్టిపడిందా, అంచులో దూది పోగు ఇరుక్కుందా అన్నది. ఒక్క పోగు చాలు బుడగలు రావడానికి.

సమస్య: డ్రై ఐస్ ఉన్న పెట్టె ఉబ్బింది, లేదా గమ్యం చేరాక డబ్బా లోపల గలగలలాడుతోంది

ఉబ్బడానికి కారణం పెట్టెను గాలి చొరకుండా మూసేయడం. డ్రై ఐస్ నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయే దారి ఉండాలి, డ్రై ఐస్‌ను ఎన్నడూ నడిమి డబ్బా లోపల పెట్టకూడదు. థర్మాకోల్ మూత చుట్టూ టేపు పూర్తిగా చుట్టేయడం ఇందువల్ల ప్రమాదకరం. గలగలకు కారణం ఐసే డబ్బాకు ఆధారంగా ఉండి, అది ఆవిరయ్యాక ఖాళీ మిగలడం. ఐస్ అంతా పోయాక ఒక నమూనాను, విఫలమయ్యే అవకాశం ఎక్కువ ఉన్న దిక్కులో పడవేసే అదనపు పరీక్ష పెట్టింది ఈ పరిస్థితి కోసమే. ఐస్ ఉన్నా లేకపోయినా డబ్బాను అదే చోట పట్టి ఉంచే ఫోమ్ గూడు అమర్చాలి.

సమస్య: పెట్టె సరిగానే ఉంది, విమానాశ్రయం కౌంటరులో తిరస్కరించారు

కేటగిరీ-బి పెట్టెలో కనీసం ఒక పక్క 100 మిల్లీమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉండాలి. యూఎన్ 3373 గుర్తు వజ్రాకారంలో, ఒక్కో అంచు 50 మిల్లీమీటర్లకు తగ్గకుండా, అక్షరాలు 6 మిల్లీమీటర్ల ఎత్తుకు తగ్గకుండా ఉండాలి. పరీక్ష నెగ్గిన కేటగిరీ-ఏ పెట్టె మీద ఉండే యూఎన్ ముద్రలో క్లాస్ 6.2 (రోగకారక పదార్థాల తరగతి) అన్న మాట, తయారీ సంవత్సరం ఉంటాయి. పాత పెట్టెలను మళ్లీ వాడేచోట ఈ ముద్ర చెరిగిపోవడం తరచూ జరుగుతుంది. పరిమాణం కూడా చూసుకోవాలి: ప్రయాణికుల విమానంలో కేటగిరీ-ఏ పదార్థం 50 మిల్లీలీటర్లు లేదా 50 గ్రాములు మించకూడదు, సరుకు విమానంలో 4 లీటర్లు లేదా 4 కిలోల వరకు అనుమతి ఉంది. లోపలి వస్తువుల జాబితా నడిమి డబ్బాకూ బయటి పెట్టెకూ మధ్య ఉండాలి. డబ్బా లోపల పెడితే, లీకైనప్పుడు దేనితో వ్యవహరిస్తున్నారో తెలుసుకోవడానికే ఆ డబ్బా విప్పాల్సి వస్తుంది.

సమస్య: నిరుడు నెగ్గిన పెట్టె ఈ ఏడు పోయింది

కొనుగోలు విభాగం చవకగా దొరికిందని వేరే ట్యూబు తెప్పించి ఉంటుంది. ధ్రువీకరణ మొత్తం అమరికకు ఇచ్చింది, అట్టపెట్టెకు ఇచ్చింది కాదు. అలాగని ప్రతి మార్పుకూ మళ్లీ పరీక్ష అక్కరలేదు. పరీక్షించిన పాత్రతో సమానమైనది గానీ చిన్నది గానీ, అదే ఆకారంలో, అంతే లేదా అంతకంటే గట్టి పదార్థంతో, అంతే లేదా అంతకంటే చిన్న నోటితో, అదే తరహా మూతతో ఉంటే, మిగిలిన ఖాళీని అదనపు మెత్తతో నింపి వాడవచ్చు. పరీక్షించిన సంఖ్య కంటే తక్కువ ట్యూబులు పెట్టడమూ ఇదే షరతుతో సాధ్యమే. ముద్రలో యూ అనే అక్షరం ఉన్న పెట్టెలకు ఇంకా వెసులుబాటు ఉంది: గాజు వంటి పెళుసు పాత్రలతో డ్రాప్ టెస్టు నెగ్గిన ఆ పెట్టెల్లో ఏ రకం పాత్రలైనా పెట్టవచ్చు, అయితే వాటి మొత్తం బరువు పరీక్షలో వాడిన పాత్రల బరువులో సగానికి మించకూడదు, మెత్త మందం తగ్గకూడదు. వీటిని దాటి చేసే మార్పు ఏదైనా కొత్త డిజైనే. మన దేశంలో భారత ప్యాకేజింగ్ సంస్థ ప్రమాదకర సరకుల ప్యాకేజీలను పరీక్షించి ధ్రువీకరిస్తుంది, దానికి హైదరాబాద్‌లో కేంద్రం ఉంది. కొత్త ట్యూబుకు ఆర్డరు పెట్టే ముందే పాత పరీక్షా నివేదికలోని పాత్ర వివరాలను కొనుగోలు విభాగం ముందు ఉంచడం ప్యాకేజింగ్ బాధ్యుడి పని.