ఎండలు ముదిరేలోపు కిడ్నీ దారి చూసుకోండి

ఎండాకాలంలో ఒంట్లో నీరంతా చెమటగా పోతుంది. మూత్రం తగ్గి చిక్కబడుతుంది, అందులోని లవణాలు పేరుకుని రాళ్లు కడతాయి. ఇది చాలామందికి తెలిసిందే. కానీ నాకు రాయి కంటే ఎక్కువ భయం వేసేది, అది దారిలో ఇరుక్కున్నాక మనం చేసే ఆలస్యం చూస్తే.

కిడ్నీ నుంచి మూత్రాశయానికి దిగే గొట్టం 25 నుంచి 30 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. లోపలి వెడల్పు మాత్రం 3, 4 మిల్లీమీటర్లే. 5 మిల్లీమీటర్ల లోపు రాళ్లు చాలావరకు వాటంతటవే పడిపోతాయి. 10 దాటితే ఆ ఆశ పెట్టుకోకూడదు. రాయి అడ్డం పడ్డా కిడ్నీ వెంటనే పని ఆపదు, మూత్రం తయారవుతూనే ఉంటుంది. పోయే దారి లేక అది వెనక్కి తన్ని కిడ్నీని ఉబ్బిస్తుంది. స్కాన్ రిపోర్టులో ‘హైడ్రోనెఫ్రోసిస్’ అని రాసేది ఈ ఉబ్బునే. ఆ ఒత్తిడికి వడపోత మందగిస్తుంది, రక్తప్రసరణ తగ్గుతుంది, మెల్లగా కిడ్నీ కండే పలచబడిపోతుంది. పూర్తిగా మూసుకుపోయిన దారిని వారం లోపు తెరిస్తే కిడ్నీ చాలావరకు కోలుకుంటుంది. ఆరు వారాలు దాటాక తెరిస్తే తిరిగొచ్చేది చాలా తక్కువ.

మా మామయ్యకి ఒక వేసవిలో నడుం పక్కన మొదలైన నొప్పి గజ్జల్లోకి పాకింది. ఇంజెక్షన్ చేయించుకున్నారు, మూడు రోజులకి తగ్గిపోయింది. మూత్రం కూడా మామూలుగానే వస్తోంది కాబట్టి రాయి పడిపోయిందని అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఎనిమిది నెలల తర్వాత వేరే పని మీద కడుపు స్కాన్ తీస్తే రాయి ఎక్కడిదక్కడే ఉంది. కుడి కిడ్నీ నీళ్ల సంచిలా ఉబ్బి, చుట్టూ కండ కాగితంలా మిగిలింది. అయినా కిడ్నీ పనితీరు చూపే రక్తపరీక్ష, క్రియాటినిన్, నార్మల్! రెండో కిడ్నీ బాగుంటే అదే భారం మోస్తుంది, రక్తపరీక్షలో తేడా కనబడదు.

అందుకే గట్టిగా చెబుతున్నాను: నొప్పి తగ్గిందంటే అడ్డు పోయిందని కాదు. కిడ్నీ అలసిపోయి వడపోత తగ్గించినా నొప్పి తగ్గుతుంది. రాయి బయటపడటం కళ్లారా చూడకపోతే, డాక్టర్ చెప్పిన గడువుకి మళ్లీ స్కాన్ తీయించుకోవాల్సిందే. ఇదివరకు రాళ్లు వచ్చినవాళ్లు ఎండలు మొదలవకముందే ఒకసారి చూపించుకుంటే ఇంకా మంచిది.

నీళ్ల విషయంలో ‘ఇన్ని గ్లాసులు తాగాలి’ అనే లెక్క అంత పనికిరాదు, ఎండలో తిరిగేవాళ్ల చెమట వేరు, నీడలో కూర్చునేవాళ్ల చెమట వేరు. రాళ్లు వచ్చినవాళ్లకి రోజుకి రెండు నుంచి రెండున్నర లీటర్ల మూత్రం రావాలి. ఒక్కరోజు సీసాలో పట్టి కొలవండి, మీరు ఎంత తక్కువ తాగుతున్నారో అర్థమవుతుంది. గుండె జబ్బో కిడ్నీ జబ్బో ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగకుండా నీళ్లు పెంచొద్దు. ఉప్పు తగ్గించాలి. రాళ్లలో కాల్షియం ఉంటుంది కదా అని పాలు, పెరుగు మానేయొద్దు, దానివల్ల మేలు కంటే కీడే ఎక్కువ. ఇక బీరు తాగితే రాయి కరుగుతుందన్నది వట్టి మాట. నొప్పి మెలిపెడుతున్నప్పుడు లీటర్లకొద్దీ నీళ్లు తాగి రాయిని తోసేద్దామనుకోవడమూ తప్పే. దానికి రాయి కదలదు, నొప్పి మాత్రం పెరగొచ్చు. సొంతంగా నొప్పి మాత్రలు రోజుల తరబడి మింగొద్దు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి.

రాయి నొప్పితో పాటు చలిజ్వరం వస్తే తెల్లారేదాకా ఆగొద్దు. అడ్డు వెనక నిలిచిన మూత్రంలో ఇన్ఫెక్షన్ చేరితే గంటల్లో ప్రాణం మీదికొస్తుంది. అప్పుడు రాయి సంగతి తర్వాత, ముందు మూత్రం దిగే దారి లోపల స్టెంట్ అనే సన్నటి గొట్టం వేసో, వీపు వైపు నుంచి గొట్టం పెట్టో ఆ మూత్రాన్ని బయటికి తీస్తారు. మూత్రం పూర్తిగా ఆగిపోయినా, ఉన్నది ఒక్క కిడ్నీయే అయినా అంతే అర్జెంటు.

అడ్డు రాయే కానక్కర్లేదు. పెద్దవయసు మగవాళ్లలో మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి పెరిగి దారిని నొక్కేస్తుంది. రాత్రి నాలుగుసార్లు లేవడం, వెళ్లి ఎంతసేపు నిలబడ్డా ధార రాకపోవడం, లోపల ఇంకా మిగిలినట్టుండటం... వీటిని వయసు మీద తోసేస్తాం. తెలియకుండా బట్టల్లో చుక్కలు పడుతుంటే ఆపుకోలేకపోతున్నారనుకుంటాం. నిజానికి అది మూత్రాశయం నిండిపోయి పొర్లడం కూడా కావచ్చు. ఈ అడ్డు కింద ఉంటుంది కాబట్టి దెబ్బ రెండు కిడ్నీలకీ తగులుతుంది. ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్నవాళ్లు జలుబు మాత్రలు అడగకుండా వేసుకోవద్దు, కొన్నిటివల్ల మూత్రం ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది. ఆడవాళ్లలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కిడ్నీల నుంచి దిగే గొట్టాలను నొక్కగలదు. మగబిడ్డకి పుట్టినప్పటి నుంచీ ధార బలంగా లేకపోతే పిల్లల డాక్టర్‌కి చెప్పండి.

చివరిగా స్టెంట్ గురించి. అడ్డు తీశాక లోపల వదిలే ఈ సన్నటి గొట్టం బయటికి కనబడదు, కొన్నాళ్లకి మంట తగ్గితే గుర్తూ ఉండదు. గడువు దాటితే దానిమీదే రాళ్లు పేరుకుని మళ్లీ దారి మూసుకుపోతుంది. డిశ్చార్జ్ అయ్యేలోపు తీయించే తేదీ అడిగి ఫోన్‌లో అలారం పెట్టుకోండి, ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పి ఉంచండి.