ఎఫ్12 కీతో కుస్తీ పట్టకుండా పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్

ల్యాప్‌టాప్‌లో లినక్స్ (విండోస్‌లాంటి మరో ఆపరేటింగ్ సిస్టమ్) ఒకసారి నడిపి చూద్దామంటే అసలు చిరాకు బూట్ మెనూ దగ్గరే, అంటే కంప్యూటర్ దేని నుంచి మొదలవ్వాలో ఎంచుకునే తెర దగ్గరే. ఒక కంపెనీకి ఎఫ్12, ఇంకోదానికి ఎఫ్9, మరోదానికి ఎస్కేప్. నొక్కడం క్షణం ఆలస్యమైతే విండోస్ తెరుచుకుంటుంది.

విండోస్ 10, 11లో ఆ కీల అవసరమే లేదు. లినక్స్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ (లినక్స్‌లో ఒక రకమైన లినక్స్ మింట్‌కైతే 8 జీబీది చాలు) ముందే గుచ్చి, స్టార్ట్ మెనూలో పవర్ బటన్ తెరిచి, షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ క్లిక్ చేయండి. నీలం తెర వస్తుంది. అందులో 'యూజ్ ఎ డివైస్' ఎంచుకుంటే పెన్‌డ్రైవ్ పేరు కనిపిస్తుంది, దాని మీద నొక్కితే నేరుగా లినక్స్‌లోకే. ఇన్‌స్టాల్ చేయనంతవరకు మీ విండోస్ ఎక్కడికీ పోదు, కాబట్టి వైఫై, సౌండ్, టచ్‌ప్యాడ్ అన్నీ తీరిగ్గా పరీక్షించుకోవచ్చు. నిజానికి ఇన్‌స్టాల్‌కి ముందు చేయాల్సిన పని ఇదే.

పెన్‌డ్రైవ్ పేరు రాకపోతే అదే నీలం తెరలో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్ వరుసగా నొక్కి రీస్టార్ట్ చేయండి, బయోస్ (విండోస్ కంటే ముందే నడిచే ల్యాప్‌టాప్ సొంత సెట్టింగ్స్) తెరుచుకుంటుంది. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అయ్యే సెట్టింగ్ అక్కడ చూసుకోవచ్చు.

కొత్త యూఈఎఫ్ఐ పద్ధతిలో కాకుండా పాత లెగసీ బయోస్ మోడ్‌లో నడిచే ల్యాప్‌టాప్‌లలో మాత్రం ఈ పద్ధతి పనిచేయదు. మీది ఏదో తెలియాలంటే విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి 'ఎంఎస్ఇన్‌ఫో32' అని ఇంగ్లిష్‌లో కొట్టి, బయోస్ మోడ్ వరుసలో యూఈఎఫ్ఐ అని ఉందో, లెగసీ అని ఉందో చూడండి. ఇంకో మాట, బయోస్‌లో సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే మొదలవ్వనిచ్చే రక్షణ) ఆపాల్సి వస్తే ముందుగా బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే విండోస్ సదుపాయం) 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి. తిరిగి విండోస్‌లోకి వెళ్లేటప్పుడు అది అడగొచ్చు.