గోల్‌పోస్ట్ ముందు నిలబడే తమ్ముళ్లకు

సికింద్రాబాద్‌లో పొద్దున ఆరింటికి గ్రౌండ్‌కొచ్చే పిల్లలకు ముందుగా భారత ఫుట్‌బాల్ గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ సంగతే చెప్తాను. మన హైదరాబాద్‌లోనే పుట్టాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో మన దేశం దక్షిణ కొరియాను 2-1తో ఓడించినప్పుడు గోల్ కాసింది ఆయనే. జట్టు కోచ్ మన సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్. తంగరాజ్‌కు 1967లో అర్జున అవార్డు వచ్చింది.

ఇక పని. గోల్ గీత మీదే ఉండిపోకు తమ్ముడూ. ఒక్కడే బంతి తీసుకొస్తుంటే నాలుగడుగులు ముందుకెళ్లు, వాడికి గోల్ ఇరుకైపోతుంది. కొట్టడానికి కాలు వెనక్కి తీయగానే ఆగి, మడమలు లేపి నిలబడు. ఎత్తుగా వచ్చే బంతికి వేళ్లు విప్పి, బొటనవేళ్లు దాదాపు తాకేలా చేతులు బంతి వెనక పెట్టు. పక్కల నుంచి పట్టబోయినప్పుడే నా కుడి చిటికెనవేలు విరిగింది, ఇప్పటికీ వంకరే. దొరకగానే బంతిని గుండెకు హత్తుకో.