ఫైల్ కళ్లెదుటే ఉన్నా షెల్ లేదంటుంటే

లక్షణం: లైనక్స్‌లో ఫైళ్ల పేర్లు చూపే ఎల్ఎస్ కొడితే, లేదా ఫోల్డర్ తెరిచి చూస్తే, స్క్రిప్ట్ (కమాండ్లు వరసగా రాసిన ఫైల్) పేరు కనిపిస్తుంది. నడపబోతే 'నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ'. తిరుపతిలో షెల్ (మనం కొట్టే కమాండ్లను నడిపే ప్రోగ్రామ్) కొత్తగా నేర్చుకునే పిల్లలు నా దగ్గరికి ఎక్కువగా తెచ్చేది ఇదే: "సార్, ఫైలు ఈడే ఉండాది, లేదంటా ఉంది!"

ముందు పీడబ్ల్యూడీ కొట్టండి, మీరు ఏ ఫోల్డర్‌లో ఉన్నారో చెబుతుంది. ఎన్నిసార్లు చెప్పినా దీన్ని దాటేసి గూగుల్‌లో వెతకడానికి పోతారు. ఫైల్ డౌన్‌లోడ్స్‌లో ఉండి మీరు హోమ్‌లో ఉంటే షెల్‌కు అది ఎలా దొరుకుతుంది? పేరులో చిన్న అక్షరం, పెద్ద అక్షరం తేడా కూడా చూడండి. 'కమాండ్ నాట్ ఫౌండ్' అంటే పేరు ముందు ./ పెట్టలేదు. 'పర్మిషన్ డినైడ్' అంటే సీహెచ్‌మాడ్ +ఎక్స్ కొట్టి ఫైల్‌కు నడిచే అనుమతి ఇవ్వలేదు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా అదే మాట వస్తోందా? అయితే ఆ ఫైల్‌ను విండోస్‌లో రాశారేమో కనుక్కోండి. నన్ను బాగా ఏడిపించిన కారణం ఇది.

వరుస చివర విండోస్ రెండు గుర్తులు పెడుతుంది: క్యారేజ్ రిటర్న్, లైన్ ఫీడ్. వాటి కోడ్‌లు 13, 10. యూనిక్స్‌కు (లైనక్స్‌దీ ఇదే తీరు) 10 ఒక్కటే చాలు, కాబట్టి 13 వరుసలోని చివరి మాటకు అంటుకుపోతుంది. స్క్రిప్ట్‌ను ఏ ప్రోగ్రామ్ నడపాలో చెప్పే మొదటి వరుసలో మీరు రాసింది /బిన్/బ్యాష్, అంటే బ్యాష్ అనే షెల్. కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ లాంటి భాగం) వెతికేది 13 తోకతో ఉన్న /బిన్/బ్యాష్‌ను. అలాంటి ప్రోగ్రామ్ ఎక్కడా లేదు. అంటే షెల్ లేదంటున్నది మీ స్క్రిప్ట్‌ను కాదు, దాన్ని నడపాల్సిన ప్రోగ్రామ్‌ను. పాత బ్యాష్‌లో పక్కనే 'బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్' అని కూడా ఉంటుంది. కొత్తవాటిలో 'రిక్వైర్డ్ ఫైల్ నాట్ ఫౌండ్' అని రావచ్చు.

ఫైల్ పేరుకు ముందు బ్యాష్ అని రాసి నడిపేస్తే సరిపోతుందనుకోకండి. అప్పుడే అసలు తిప్పలు. స్క్రిప్ట్‌లో ఎంకేడీఐఆర్ తిరుమల అని ఉందనుకోండి, ఫోల్డర్ తయారవుతుంది. అందులోకి వెళ్లడానికి మీరు చేత్తో సీడీ తిరుమల కొడితే లేదంటుంది! ఎల్ఎస్‌లో ఆ పేరును నిదానంగా చూడండి. ఇప్పటి లైనక్స్‌లో అయితే కొటేషన్లలో పేరు, దాని వెనక $'\ఆర్' కనిపిస్తాయి. ఆ ఆర్ మన 13.

నిర్ధారణకు క్యాట్ -ఏ అని కొట్టి ఫైల్ పేరు ఇవ్వండి, ఏ పెద్దక్షరం; కనిపించని గుర్తులనూ చూపిస్తుంది. వరుస చివర $ ఒక్కటే ఉంటే మంచిది. ^ఎం$ ఉంటే దొరికినట్టే.

పరిష్కారం: డాస్‌టుయూనిక్స్ (టు అంటే 2 అంకె) అని కొట్టి ఫైల్ పేరు ఇవ్వండి. అది లేదా, ల్యాబ్‌లో ఇన్‌స్టాల్ చేసే అనుమతి లేదా? విమ్ అనే ఎడిటర్‌లో తెరిచి :సెట్ ఎఫ్ఎఫ్=యూనిక్స్ కొట్టి సేవ్ చేయండి. తోకతో పుట్టిన ఫోల్డర్‌ను, పేరు మార్చే ఎంవీతో, ఎంవీ తిరుమల? తిరుమల అని సరిచేయండి. ప్రశ్నార్థకం ఆ కనిపించని గుర్తును పట్టుకుంటుంది. ఇకపై విండోస్‌లో రాసేటప్పుడు వీఎస్ కోడ్ ఎడిటర్ కింది పట్టీలో సీఆర్ఎల్ఎఫ్ అని ఉన్నచోట నొక్కి ఎల్ఎఫ్ ఎంచుకోండి.

అరుదుగా, మొదటి వరుసలో రాసిన ప్రోగ్రామ్ నిజంగానే ఆ మెషీన్‌లో ఉండదు. ప్రోగ్రామ్ ఎక్కడుందో చెప్పే విచ్ కొట్టి దాని పేరు ఇచ్చి, అది చూపిన దారి రాయండి. ఫ్యాట్ ఫార్మాట్ పెన్‌డ్రైవ్‌లో సీహెచ్‌మాడ్ పనిచేయదు. ఫైల్‌ను హోమ్‌లోకి కాపీ చేసుకుని నడపండి.