ప్రాజెక్ట్ రిపోర్ట్ మొదలుపెట్టే ముందు ఇవి చూసుకోండి

గుంటూరు, విజయవాడ పీజీ విద్యార్థులకు సబ్మిషన్లు దగ్గరపడుతున్నాయి కదా!

– జిల్లా లెక్క ఏ ఏడాదిదో చూడండి. 2011 జనాభా లెక్కల్లోని గుంటూరు జిల్లా వేరు, ఇప్పటిది వేరు. 2022 ఏప్రిల్ 4న పల్నాడు, బాపట్ల విడిపోయాయి. విజయవాడ కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లింది. గుంటూరు పాత అంకె పక్కన కొత్తది పెడితే జనం సగానికి పైగా తగ్గినట్టు కనిపిస్తుంది. నేనైతే రెండు చాప్టర్లు తిరగరాశాను.

– చాట్‌బాట్ చెప్పిన పుస్తకం లైబ్రరీ కేటలాగ్‌లో ఉందో లేదో చూడండి. లేనివీ కల్పిస్తుంది, వైవాలో అడిగితే నోరు పెగలదు.

– డబ్బు కడితే రెండు రోజుల్లో వేసే జర్నల్ వద్దు. యూజీసీ కేర్ జాబితాలో (యూజీసీ గుర్తించిన జర్నళ్ల జాబితా) ఉన్నామన్నా నమ్మకండి, దాన్ని 2025లో ఆపేశారు.

– వికీపీడియా అయితే కింద ఇచ్చిన మూలాలు తెరవండి.

– పేపర్ కటింగ్ మీద తేదీ, ఎడిషన్ అప్పుడే రాసుకోండి. తర్వాత వెతకడం నరకం.