గోవాలో ఉన్న చెల్లెలింటికి పోయేటప్పుడు

మా పాలమూరు నుంచి ఒకప్పుడు పని కోసం బొంబాయి, పుణె బస్సులెక్కేవాళ్లు. మా చెల్లెలి మొగుడు, అంటే మా మరిది, గోవా దాకా పోయాడు. కలంగుట్‌లో ఒక హోటల్ వంటగదిలో పని. చెల్లెలు, పిల్లాడు అక్కడే. మీవాళ్లు కూడా అట్లా సముద్రం ఒడ్డున ఉంటే ఈ నాలుగు మాటలు పనికొస్తాయి.

ముందు తేదీలు. డిసెంబరు 20 నుంచి జనవరి మొదటి వారం దాకా అసలే వద్దు. మనకు పండగలా కనిపించే ఆ రోజుల్లో హోటల్ వాళ్లకు వారపు సెలవు కూడా దొరకదు. మరిది అర్ధరాత్రి దాటాక ఇంటికొస్తాడు, ఆ ఇల్లేమో ఒక గది, ఒక వంటిల్లు. మనం చాపలు పరిచి పడుకుంటే అతను కాళ్లు చాపుకునే జాగా ఉండదు. సంక్రాంతి దాటి, ఫిబ్రవరిలో పొండి. సముద్రం నెమ్మదిగా ఉంటుంది, వాళ్లకూ కాస్త తీరిక దొరుకుతుంది. దసరా సెలవుల్లో అంటారేమో, బతుకమ్మకు ఆడపిల్ల పుట్టింటికి రావాలి గానీ మనం పోవడమేంది?

మహబూబ్‌నగర్, గద్వాల మీదుగా గోవాలోని వాస్కోకు రైలుంది. రోజూ ఉండదు, తేదీ చూసుకొని టికెట్ తీసుకోండి. కలంగుట్ వైపైతే మడ్గావ్‌లో దిగి, కదంబ (గోవా సర్కారు) బస్సులో పణజి, అక్కడి నుంచి ఇంకో బస్సు. టాక్సీ ఖర్చు చాలా ఎక్కువ. చెల్లెలిని స్టేషన్‌కు రమ్మనకండి, బస్టాండు నుంచి ఫోన్ చేస్తే చాలు.

ఇక తీసుకుపోయేవి. చీరలు, స్వీట్ డబ్బాలు అక్కడా దొరుకుతాయి. మన ఊరి రుచితో దొరకనివి చింతకాయ తొక్కు, జొన్నపిండి, పల్లీలు. మా చెల్లెలు నన్ను చూడగానే అడిగే మొదటి మాట, "అక్కా, తొక్కు తెచ్చినవా?" మూత తీసి, గడపలోనే నిలబడి వేలితో ఇంత నాలుక మీద పెట్టుకుంటది. ఆ తర్వాతే నీళ్లిస్తది. జొన్నపిండి పోయే ముందు రోజే పట్టించి, కొంచెమే తీసుకుపొండి, పాతదైతే చేదెక్కుతుంది. సకినాలు ప్లాస్టిక్ కవర్లో వద్దు. సముద్రపు గాలికి అక్కడ ఉప్పు కూడా చెమ్మగిల్లి ముద్దవుతుంది, సకినాలు ఒక్కరోజులో మెత్తబడతాయి. గట్టి మూత ఉన్న స్టీలు డబ్బా కావాలి. విమానంలో పోతే తొక్కు చేతి సంచిలో పెట్టకండి, తనిఖీలో తీసేయొచ్చు. లగేజీలో వేసేయండి.

అక్కడ ఉన్నన్నాళ్లు కూరగాయలు, చేపలు మీరే కొనండి. టూరిస్టు ఊర్లో ఇంటి కిరాయి ఎక్కువ, వాళ్లు నోరు తెరిచి చెప్పరు. ఒకపూట వంట మీరు చేయండి. ఇంకోపూట చెల్లెలు వండిన చేపల పులుసు, కోకం అనే పుల్లటి పండుతో చేసే సోల్‌కఢీ తినండి. ఆమె అక్కడ నేర్చుకున్నది మనకు పెట్టాలని ఆశ పడుతుంది.

బీచులు చూపించమని ఆమెను తిప్పొద్దు. ఆమెకది రోజూ ఉండే ఊరు. స్కూటర్ కిరాయికి తీసుకుంటే నల్ల పలక మీద పసుపు అక్షరాలున్నదే తీసుకోండి. తెల్ల పలక బండి కిరాయికి ఇవ్వకూడదు, పోలీసులు ఆపితే ఇబ్బంది మనకే.

సముద్రం దగ్గర మాత్రం గట్టిగా చెప్పాలి, ముఖ్యంగా బావిలో ఈత వచ్చిన మన మగపిల్లలకు. బావి నీళ్లు నిలబడి ఉంటాయి, సముద్రం లోపలికి గుంజుతుంది. ఎర్ర జెండా ఉంటే నీళ్లలో దిగొద్దు. ఎరుపు, పసుపు కలిసిన జెండాల మధ్యే, లైఫ్‌గార్డుల కళ్ల ముందే స్నానం చేయాలి. గుంజుతుంటే ఒడ్డు వైపు ఎదురీదకుండా, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది ఆ గుంజుడు దాటాలి, లేదంటే నీళ్ల మీద తేలుతూ చెయ్యెత్తి పిలవాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానాకాలంలో మోకాలి లోతుకు కూడా పోనివ్వకండి. చీకటి పడ్డాక ఎప్పుడైనా అంతే.

వచ్చేటప్పుడు ఊర్లో ఎవరెంత అడిగినా మందు సీసాలు మోసుకురావద్దు. పర్మిట్ లేకుండా పక్క రాష్ట్రం మందు తెస్తే ఎక్సైజ్ కేసు అవుతుంది, గోవా రైళ్లలో తనిఖీలు చేస్తుంటారు. జీడిపప్పు తెచ్చుకోండి, రేటు మాట్లాడేటప్పుడు చెల్లెలిని పక్కన పెట్టుకోండి.