సందెవేళ ఎగిరేది పిట్టా, గబ్బిలమా? తేల్చుకోవడం ఎలా?

గండికోటలో పొద్దుగూకే వేళ తీసిన వీడియోల కింద ‘గబ్బిలాల గుంపు’ అని రాసి పెడుతుంటారు. చాలాసార్లు అవి లిటిల్ స్విఫ్ట్ పిట్టలు. తేడా పట్టడం కష్టమేమీ కాదు, తొందరపడకుంటే చాలు.

కావాల్సినవి బైనాక్యులర్స్, చిన్న నోటుబుక్కు, పెన్సిలు. పెన్ను వద్దంటే వద్దు. పొద్దుగూకడానికి అరగంట ముందే ఏదైనా పాత కట్టడం దగ్గర పడమటికి తిరిగి కూర్చోండి.

ముందు వెలుతురుండగా బైనాక్యులర్స్‌తో స్విఫ్ట్‌ను కంటికి అలవాటు చేసుకోండి. ఒళ్లు దాదాపుగా నలుపు, గొంతు తెలుపు, తోక మొదట్లో తెల్ల మచ్చ, కొడవలి రెక్కలు. ఇది కరెంటు తీగ మీద వాలదు. గోడకు గోళ్లతో కరుచుకుని వేలాడుతుంది. ఈకల్నీ గడ్డిపోచల్నీ ఉమ్మితో అతికించి చూరు కింద గూడు కడుతుంది.

అసలు చిక్కు పొద్దు గూకాక వస్తుంది. తెల్ల మచ్చ మాయమవుతుంది. స్విఫ్ట్‌లు ఇంకా పోకముందే పిపిస్ట్రెల్ అనే చిన్న రకం గబ్బిలాలు బయల్దేరతాయి. ఇక్కడ సైజు చూసి చెప్పకండి, దూరం మోసం చేస్తుంది. రంగూ పనికిరాదు, రెండూ నల్లటి నీడలే. రెక్క ఆగుతుందా లేదా, అదొక్కటే చూడాలి. స్విఫ్ట్ గబగబా నాలుగైదుసార్లు కొట్టి, రెక్కలు బిగబట్టి జారిపోతుంది. గబ్బిలం కొడుతూనే ఉంటుంది. ఉన్నట్టుండి పక్కకు మెలి తిరుగుతుంది, పురుగు దొరికిందన్నమాట.

ఒకే ఒక్కదాన్ని ఎంచుకుని, పది అంకెలు లెక్కపెట్టేదాకా కన్ను తిప్పకండి. అయినా ఒక్కసారికే తేల్చేయొద్దు. పైకెక్కే స్విఫ్ట్ కూడా ఆగకుండా కొడుతుంది, కిందికి దూకే గబ్బిలం క్షణంసేపు రెక్కలు ముడుస్తుంది. మళ్లీ పది లెక్కపెట్టండి. అనుమానం తీరకపోతే రెక్క వెనక అంచు చూడండి: స్విఫ్ట్‌ది నున్నటి వంపు, గబ్బిలానిది వేళ్ల మధ్య చర్మం సాగి గొడుగు అంచులా వంపులు వంపులుగా ఉంటుంది. ఈ పని ఉత్త కళ్లతోనే. బైనాక్యులర్స్ ఎత్తేలోపు అది ఎటో పోతుంది.

ఫోన్లో అరుపు రికార్డు చేసి పోలుస్తామనేవాళ్లున్నారు. వేటాడే చిన్న గబ్బిలాల అరుపు చాలావరకు 20 కిలోహెర్ట్జ్‌కు పైనే, అది మన చెవికి అందదు. వినబడే కీచుమనే గోల స్విఫ్ట్‌లదే అనుకోండి, కానీ ఏ నీడ ఏదో అది చెప్పదు.

తేలింది తేలినట్టు టైముతో సహా రాయండి, తేలనిది ‘తెలియదు’ అని రాయండి. బాగా చీకటి పడ్డాక నోటుబుక్కు మూసేయాలి, అప్పటికి రాత్రిపూట ఎగిరే నైట్‌జార్ పిట్టలు కూడా తిరుగుతుంటాయి. టార్చి వేసుకుని కట్టడం లోపలికి దూరకండి. కింద పడ్డ గబ్బిలం కనిపించినా ఉత్త చేత్తో తాకొద్దు.